59 సెకన్లు, ఏడు ఎస్‌వీసీలు: 1989 మార్చి 13న క్యుబెక్ గ్రిడ్ ఎలా కూలింది

1989 మార్చి 13, తెల్లవారుజామున 2:44:17. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో షిబుగమౌ సబ్‌స్టేషన్‌లో ఒక ఎస్‌వీసీ, అంటే లైన్ల వోల్టేజిని నిలిపి ఉంచే స్టాటిక్ వార్ కంపెన్సేటర్, ట్రిప్పయింది, దానంతట అది ఆగిపోయింది. రెండు సెకన్లకు దాని పక్కదీ పోయింది. 2:44:33 నుంచి 2:44:46 లోపల అల్బనెల్, నెమిస్కౌ సబ్‌స్టేషన్లలో నాలుగు పడిపోయాయి. 2:45:16కి లా వెరెండ్రీలో ఏడోది. 2:45:49కి రాష్ట్రమంతా చీకటి. మొదటి ట్రిప్పు నుంచి బ్లాకౌట్ దాకా 92 సెకన్లు. అరవై లక్షల మందికి కరెంటు లేదు. తొమ్మిది గంటలు గడిచాక కూడా 83 శాతం లోడే తిరిగి ఎక్కింది.

ఈ కేసును చాలామంది "సౌర తుఫాను గ్రిడ్‌ను కాల్చేసింది" అని చెబుతారు. ఘటనల క్రమాన్ని సెకన్ల వారీగా చదివితే అలా కనిపించదు. ఆ ఏడు ఎస్‌వీసీలను ఆపింది వాటి సొంత రక్షణ రిలేలే, అంటే ప్రమాదం అనిపిస్తే యంత్రాన్ని లైన్లోంచి తప్పించే పరికరాలే. తర్వాత జరిపిన విశ్లేషణలో, ఆ యంత్రాలు అంతకంటే ఎక్కువ భారాన్ని తట్టుకోగలవని తేలి, ట్రిప్ హద్దులను పెంచారు. అంటే మామూలు రోజుల కోసం జాగ్రత్తగా పెట్టిన సెట్టింగే, ఎవరూ ఊహించని తరంగరూపం వచ్చినప్పుడు పనిచేస్తున్న యంత్రాలను లైన్లోంచి తీసేసింది. రక్షణ విభాగంలో పనిచేసేవాళ్లు ఈ కేసును ఆ కోణంలోనే చదవాలి.

సూర్యుడి వైపు నుంచి

ఆ నెలలో 5395 నంబరు సూర్యమచ్చల ప్రాంతం భూమికి ఎదురుగా తిరిగింది. మార్చి 10న అక్కడ ఎక్స్4.5 తరగతి (అత్యంత తీవ్రమైన తరగతి) జ్వాల వెలువడింది. దానితోపాటు బయల్దేరిన ప్లాస్మా మేఘం సుమారు రెండు రోజుల ఆరు గంటల్లో భూమిని చేరింది. మార్చి 13న ప్రపంచ కాలమానం ప్రకారం 1:27 ప్రాంతంలో తుఫాను మొదలైంది. గ్రిడ్‌ను పడగొట్టినది ఆ తొలి తాకిడి కాదు. 7:43కి, అంటే క్యుబెక్ సమయం 2:43కి, రెండో తాకిడి వచ్చింది. ఒక్క నిమిషంలోనే ఎస్‌వీసీలు పడటం మొదలైంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. తుఫాను తీవ్రతకు కొలమానంగా చెప్పే డీఎస్‌టీ సూచీ ఈ తుఫానులో మైనస్ 589 నానోటెస్లాలకు దిగింది. 1957 నుంచి ఉన్న రికార్డులో అదే కనిష్ఠం. కానీ ఆ కనిష్ఠం నమోదైంది మర్నాడు, బ్లాకౌట్ జరిగిన 17 గంటల తర్వాత. విద్యుత్ లైన్లకు కావలసింది అయస్కాంత క్షేత్రం ఎంత పడిపోయిందన్నది కాదు, ఎంత వేగంగా మారిందన్నది. బ్లాకౌట్ క్షణంలో క్యుబెక్ మీద ఆ వేగం నిమిషానికి దాదాపు 480 నానోటెస్లాలు. భూమి మొత్తం అయస్కాంత క్షేత్రం అక్కడ 55,000 నానోటెస్లాలకు పైనే ఉంటుంది. దాంట్లో ఒక్క శాతం నిమిషంలో మారితే చాలు, గ్రిడ్‌కి ముప్పు వచ్చేసినట్టే. భూమి మొత్తం మీద అయస్కాంత అలజడిని చెప్పే, మూడు గంటలకోసారి వచ్చే కేపీ సూచీని చూస్తూ కూర్చున్న కంట్రోల్ రూముకి ఈ దెబ్బ కనిపించదు.

నేల, లైను, న్యూట్రల్

మారే అయస్కాంత క్షేత్రం నేలలో విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. నేల మంచి వాహకమైతే కరెంటు నేలలోనే పోతుంది, పైన క్షేత్రం చిన్నగా ఉంటుంది. క్యుబెక్ కూర్చున్నది కెనడియన్ షీల్డ్ అనే పురాతన అగ్నిశిలల మీద. ఆ రాయి విద్యుత్తును సరిగా పోనివ్వదు. దాంతో నేలమీద క్షేత్రం పెరుగుతుంది. కరెంటుకి తేలిక దారి, రెండు చివరలా ఎర్తింగ్ చేసిన హై వోల్టేజి లైను. అది ఒక సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్ (మూడు ఫేజులూ కలిసి నేలకు కలిసే బిందువు) గుండా ఎక్కి, లైనంతా ప్రయాణించి, వందల కిలోమీటర్ల అవతల ఇంకో న్యూట్రల్‌లో దిగుతుంది.

దీని పరిమాణం ఎంతుంటుందో చేతిలెక్క వేసుకోవచ్చు. కిలోమీటరుకి 1 వోల్టు క్షేత్రం, 1,000 కిలోమీటర్ల లైను: మొత్తం 1,000 వోల్టులు. నాలుగు కండక్టర్ల బండిల్ ఉన్న 735 కేవీ లైనుకు డీసీ నిరోధం ఫేజుకి కిలోమీటరుకి దాదాపు 0.012 ఓమ్ అనుకుందాం. మూడు ఫేజులూ సమాంతరం కాబట్టి 0.004. వెయ్యి కిలోమీటర్లకి 4 ఓమ్‌లు. రెండు చివరల వైండింగులూ, ఎర్తింగూ కలిపి ఇంకో 1 ఓమ్. న్యూట్రల్‌లో 200 ఆంపియర్లు, ఫేజుకి సుమారు 67. మధ్యలో ఎర్తింగ్ ఉన్న సబ్‌స్టేషన్లు ఉంటే వాటి దగ్గర వచ్చే కరెంటూ పోయే కరెంటూ చాలావరకు సమానమవుతాయి. న్యూట్రల్‌లోకి ఎక్కువగా దిగేది లైను చివర్లలోనూ, లైను దిశ మారే చోట్లలోనూ. సర్వేకి మొదట వెళ్లాల్సింది అక్కడికే.

ఈ కరెంటు నిమిషాల మీద నెమ్మదిగా మారుతుంది. 60 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్ దృష్టిలో అది అచ్చం డీసీయే. అందుకే న్యూట్రల్‌లో మామూలుగా ఉండే సీటీ, అంటే కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్, దీన్ని చూపించదు, సీటీ డీసీని కొలత వైపు వైండింగుకి పంపదు కాబట్టి. "మా న్యూట్రల్‌లో ఎప్పుడూ ఏమీ కనిపించలేదు" అనే మాటకు అర్థం, కొలిచే సాధనం లేదని మాత్రమే. డీసీని కూడా కొలిచే హాల్ ఎఫెక్ట్ సెన్సర్ లాంటిది పెడితేనే ఇది కనిపిస్తుంది.

కోర్ సగం సైకిల్లో నిండిపోతే

పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి, దాని కోర్‌ను (లోపలి ఇనుప భాగాన్ని) అయస్కాంతీకరించే ఎక్సైటేషన్ కరెంటు రేటెడ్ కరెంటులో ఒక శాతం లోపే. కోర్‌ను అంత పొదుపుగా డిజైన్ చేస్తారు, మోకాలి బిందువుకి, అంటే ఇనుము సంతృప్తమవడం మొదలయ్యే హద్దుకి, కొంచెం కిందే నడుపుతారు. అలాంటి కోర్‌లోకి పదుల ఆంపియర్ల డీసీ వస్తే ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) ఒక పక్కకి జరుగుతుంది. ప్రతి సైకిల్లో ఒక సగంలో కోర్ సంతృప్తమవుతుంది, ఇంకో సగంలో కాదు. ఆ ఒక్క సగంలో ఎక్సైటేషన్ కరెంటు పొడవాటి ముల్లులా లేస్తుంది.

దీంతో మూడు పర్యవసానాలు. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కసారిగా, వోల్టేజిని నిలిపే రియాక్టివ్ పవర్‌ను తాగడం మొదలుపెడుతుంది. కోర్ దాటిన ఫ్లక్స్ ట్యాంకు గోడల్నీ, బిగింపు పట్టీల్నీ వేడెక్కిస్తుంది. ఇక మూడోది, ఈ కేసుకి ప్రాణమైనది: తరంగంలో సరి హార్మోనిక్స్, అంటే గ్రిడ్ ఫ్రీక్వెన్సీకి 2, 4 లాంటి సరి రెట్ల ఫ్రీక్వెన్సీలు, పుడతాయి. వోల్టేజి పెరిగి కోర్ సంతృప్తమైతే రెండు సగాలూ ఒకేలా చెడతాయి, 3, 5, 7 లాంటి బేసి హార్మోనిక్సే వస్తాయి. ఒక సగమే చెడితే 2, 4 కూడా వస్తాయి. స్థిరంగా నడుస్తున్న గ్రిడ్‌లో రెండో హార్మోనిక్ నిమిషాల తరబడి కనిపించిందంటే మొదట అనుమానించాల్సింది డీసీనే.

కోర్ రకం మీద కూడా ఆధారపడి ఉంటుంది. మూడు కాళ్ల త్రీ ఫేజ్ కోర్‌లో డీసీ ఫ్లక్స్‌కి సరైన తిరుగుదారి లేదు కాబట్టి అది బాగా తట్టుకుంటుంది. మూడు సింగిల్ ఫేజ్ యూనిట్లను కలిపిన బ్యాంకులో ప్రతి యూనిట్‌కీ తిరుగుదారి ఉంటుంది, చిన్న డీసీకే సంతృప్తమవుతుంది. రవాణా బరువు వల్ల 735, 765 కేవీ స్థాయిలో వాడేవి సింగిల్ ఫేజ్ యూనిట్లే.

ఎస్‌వీసీ ఎందుకు మొదట పడింది

ఎస్‌వీసీలో థైరిస్టర్లతో (ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో) నడిచే రియాక్టర్లూ, కెపాసిటర్లూ ఉంటాయి. వోల్టేజి తగ్గితే కెపాసిటర్లు కలుపుతుంది, పెరిగితే రియాక్టర్లను పెంచుతుంది. జేమ్స్ అఖాతం వైపున్న లా గ్రాండ్ జల విద్యుత్ కేంద్రాల నుంచి మాంట్రియల్ ప్రాంతానికి దాదాపు 1,000 కిలోమీటర్లు. ఆ దూరం మధ్యలో వోల్టేజిని పట్టి నిలిపేవి ఈ ఎస్‌వీసీలే.

కెపాసిటర్ ఇంపిడెన్స్ (ఏసీకి చూపే అడ్డు) ఫ్రీక్వెన్సీతో తగ్గుతుంది. రెండో హార్మోనిక్‌కి సగం, నాలుగోదానికి పావు. అందుకని వోల్టేజిలో ఉన్న కొద్దిపాటి వక్రత కెపాసిటర్ కరెంటులో రెట్టింపు, నాలుగింతలై కనిపిస్తుంది. ఉదాహరణకి వోల్టేజిలో రెండో హార్మోనిక్ 7 శాతం, నాలుగోది 3 శాతం ఉన్నాయనుకుందాం. కెపాసిటర్ కరెంటులో అవి 14 శాతం, 12 శాతం అవుతాయి. ఇప్పుడు రెండు రకాలుగా కొలవండి.

ఆర్‌ఎంఎస్ విలువ (వేడిని నిర్ణయించే సగటు తరహా విలువ): 1 కి 0.14 వర్గం, 0.12 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 1.017. అంటే దాదాపు 2 శాతం పెరుగుదల.
శిఖర విలువ: ఫేజులు కలిసొస్తే 1.26. అంటే 26 శాతం.

కెపాసిటర్ యూనిట్లకు అంతర్జాతీయ ఐఈసీ ప్రమాణం రేటెడ్ ఆర్‌ఎంఎస్ కరెంటుకి 1.3 రెట్లు నిరంతరం అనుమతిస్తుంది. వేడి లెక్కన 1.017 అంటే ఏమీ కాదు. కానీ శిఖరాన్ని చూసి, దాన్ని ఫండమెంటల్ (మూల ఫ్రీక్వెన్సీ) విలువగా అనుకుని లెక్కవేసే రిలేకి అది 26 శాతం ఓవర్‌లోడ్. ఆ రిలే సెట్టింగు 1.2 దగ్గర ఉంటే ట్రిప్ తప్పదు. ఇవి క్యుబెక్‌లో నమోదైన అంకెలు కావు, యంత్రాంగం అర్థం కావడానికి వేసిన లెక్క. కానీ షిబుగమౌ, అల్బనెల్, నెమిస్కౌ, లా వెరెండ్రీలలో జరిగినది ఈ తరహాదే: హార్మోనిక్స్ పెరిగాయి, ఓవర్‌లోడ్ రక్షణలు కదిలాయి, ఎస్‌వీసీలు ఆగాయి.

దీంట్లోని క్రూరత్వం చూడండి. సంతృప్తమైన ట్రాన్స్‌ఫార్మర్లు రియాక్టివ్ పవర్‌ను తాగుతున్న క్షణం, ఎస్‌వీసీల అవసరం అన్నిటికన్నా ఎక్కువున్న క్షణం. అదే క్షణంలో, అదే కారణంతో, అవి ఆగిపోయాయి. ఒకే రకం యంత్రాలు, ఒకే తరహా రక్షణ, వందల కిలోమీటర్ల మేర ఒకేసారి తాకిన కారణం. "ఎన్-1" లెక్కలో ఒకటి పోతే మిగతావి మోస్తాయి. అన్నీ కలిసి పోయే ప్రమాదాన్ని ఆ లెక్క పట్టదు.

చివరి 33 సెకన్లు

ఏడో ఎస్‌వీసీ పోయాక లా గ్రాండ్ కారిడార్ ఆ పవర్‌ను మోయలేకపోయింది. 2:45:24.68కి జాక్ కార్టియే దగ్గర ఒక 735 కేవీ లైను ట్రిప్పయింది. దాని వెంటే లా గ్రాండ్ లైన్లన్నీ విడిపోయాయి. ఆ రాత్రి మొత్తం ఉత్పత్తి సుమారు 21,500 మెగావాట్లు. అందులో 9,450 మెగావాట్లు ఒక్క దెబ్బకి పోయాయి, 44 శాతం. అండర్ ఫ్రీక్వెన్సీ రిలేలు లోడ్ షెడ్డింగ్ చేస్తూనే ఉన్నాయి, కానీ అంత లోటును ఏ లోడ్ షెడ్డింగ్ పథకమూ పూడ్చలేదు. మిగిలిన కేంద్రాలు వరసగా జారిపోయాయి. పొరుగు గ్రిడ్‌లతో క్యుబెక్ సింక్రోనస్‌గా (ఒకే ఏసీ లయలో) ముడిపడి లేకపోవడం, ఎక్కువగా డీసీ కనెక్షన్ల మీద ఆధారపడటం వల్ల ఈ కూలుడు న్యూయార్క్ వైపు పాకలేదు.

యంత్రాలకు నష్టం ఎప్పుడు జరిగిందో కూడా గమనించాలి. లోడు పోయిన జనరేటర్లు, చివర తెగిన పొడవాటి 735 కేవీ లైన్లు: వోల్టేజి పైకి ఎగిరింది. లా గ్రాండ్-4లో రెండు స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్లు ఆ ఓవర్ వోల్టేజికి దెబ్బతిన్నాయి. నెమిస్కౌలో షంట్ రియాక్టర్ పాడై ఫ్యాక్టరీకి వెళ్లాల్సి వచ్చింది. నెమిస్కౌలోనే కొన్ని థైరిస్టర్లు, ఇతర చోట్ల సర్జ్ అరెస్టర్లు పోయాయి. అంటే గ్రిడ్ విడిపోయాక కలిగిన నష్టం ఇది. ఎస్‌వీసీలు లైన్లో ఉండి ఉంటే ఇందులో చాలాభాగం జరిగేది కాదు.

నేలలోంచి వచ్చిన కరెంటు నేరుగా చేసిన నష్టానికి ఉదాహరణ అదే తుఫానులో వేరే చోట ఉంది. అమెరికాలో న్యూజెర్సీలోని సేలం అణు విద్యుత్ కేంద్రంలో 500 కేవీ సింగిల్ ఫేజ్ స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్‌లో తక్కువ వోల్టేజి వైపు వైండింగు లీడ్లు వేడికి మాడిపోయాయి. తుఫాను తర్వాత నూనెలో కరిగిన వాయువుల పరీక్షలోనే అది బయటపడింది. రద్దయిన ఒక కేంద్రం తాలూకు స్పేర్ ట్రాన్స్‌ఫార్మర్ దొరకబట్టి నెలన్నరలోపు తిరిగి నడిచింది. కొత్తది చేయించుకోవాలంటే రెండేళ్లు.

తర్వాత ఏం మార్చారు

మొదటి పని చౌకైనది, ఫలితం అన్నిటికన్నా ఎక్కువిచ్చినదీ అదే: ఎస్‌వీసీ రక్షణల ట్రిప్ హద్దులు పెంచడం. రెండోది కొలత. సబ్‌స్టేషన్లలో వోల్టేజి అసమతుల్యతను, సరి హార్మోనిక్స్‌ను గమనిస్తూ కంట్రోల్ రూముకి హెచ్చరిక పంపే ఏర్పాటు. మూడోది నడిపే నియమాలు: హెచ్చరిక రాగానే లైన్ల బదిలీ హద్దుల్లో 10 శాతం తగ్గింపు, హెచ్‌వీడీసీ (హై వోల్టేజి డీసీ) లింకుల లోడింగ్ రేటింగులో 40 నుంచి 90 శాతం మధ్య ఉంచడం, నమ్మదగని ఎస్‌వీసీ ఉన్నట్టు లెక్కలో వేసుకోకపోవడం, అవసరం లేని స్విచింగ్, పరీక్షలు ఆపడం.

నాలుగోది ఖరీదైనది. 735 కేవీ లైన్లలో సిరీస్ కెపాసిటర్లు పెట్టారు. సిరీస్ కెపాసిటర్ డీసీని ఆపేస్తుంది, పైగా లైను రియాక్టెన్స్‌ను తగ్గించి బదిలీ సామర్థ్యాన్ని పెంచుతుంది. దీనికీ ఓ హెచ్చరిక ఉంది. ఒక లైనులో ఆపిన డీసీ, సిరీస్ కెపాసిటర్ లేని పక్క లైనులోకి మళ్లుతుంది. కాబట్టి ఎక్కడ పెట్టాలో నెట్‌వర్క్ మొత్తానికీ లెక్క వేశాకే నిర్ణయించాలి. పొడవాటి షాఫ్టులున్న థర్మల్ యంత్రాల దగ్గరైతే సబ్‌సింక్రోనస్ రెసొనెన్స్ (షాఫ్టును మెలిపెట్టే ఊగిసలాట) కూడా చూసుకోవాలి. క్యుబెక్‌వి జల విద్యుత్ యంత్రాలు కాబట్టి వాళ్లకు ఆ బెడద తక్కువ.

ఇంత జరిగాక కూడా ఇదే తరహా పొరపాటు 14 ఏళ్లకి మళ్లీ కనిపించింది. 2003 అక్టోబరు 30న స్వీడన్‌లోని మాల్మోలో దాదాపు 50,000 మంది వినియోగదారులకు 20 నుంచి 50 నిమిషాలు కరెంటు పోయింది. కారణం 130 కేవీ లైను మీద ఉన్న ఒక ఓవర్ కరెంట్ రిలే. 50 హెర్ట్జ్ కన్నా 150 హెర్ట్జ్‌కి దాని స్పందన ఎక్కువ. లైనులో ఫాల్ట్ లేదు, యంత్రం చెడలేదు.

తెలుగు రాష్ట్రాల గ్రిడ్‌కి ఇది ఎంతవరకు

ముందు భయం తగ్గించే మాట. క్యుబెక్ అరోరా (ధ్రువకాంతి) మండలానికి దగ్గర. హైదరాబాద్ భూ అయస్కాంత అక్షాంశం 10 డిగ్రీల లోపు. ఉత్తర అమెరికా ప్రమాణం టీపీఎల్-007 శతాబ్దానికోసారి వచ్చే తుఫానుకి కిలోమీటరుకి 8 వోల్టుల క్షేత్రాన్ని ప్రమాణంగా తీసుకుని, అక్షాంశం తగ్గేకొద్దీ దాన్ని తగ్గిస్తుంది, కనిష్ఠంగా పదోవంతు దాకా. ఇలా నేలలోంచి వచ్చే కరెంటు ఫేజుకి 75 ఆంపియర్లు దాటే ట్రాన్స్‌ఫార్మర్లకు వేడి లెక్క తప్పనిసరి. ఆ తగ్గింపు సూత్రాన్ని తెచ్చి ఇక్కడ అతికించడం మాత్రం సరికాదు. భూమధ్యరేఖ దగ్గర పగటిపూట పారే ఎలక్ట్రోజెట్‌ను, అంటే పై వాతావరణంలోని కరెంటు ప్రవాహాన్ని, అది లెక్కలోకి తీసుకోదు. తుఫాను మొదటి తాకిడి పగటివేళ వస్తే దక్షిణ భారతంలో ఆ కుదుపు పెద్దదవుతుంది.

పెంచే అంశాలు ఇంకా ఉన్నాయి. తెలంగాణ, రాయలసీమల కింద ఉన్నది గట్టి గ్రానైట్ రాయి, నిరోధం ఎక్కువ. శ్రీకాకుళం, వేమగిరి, చిలకలూరిపేట, కడప మీదుగా సాగే 765 కేవీ లైన్లు చాలాదూరం తీరం వెంట పోతాయి. ఉప్పునీటికీ రాతికీ వాహకతలో ఉన్న తేడా వల్ల తీరం దగ్గర నేల క్షేత్రం పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలో, అరోరాకి ఎంతో దూరాన, 2003 తుఫాను తర్వాత కొన్ని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాయువులు పెరిగాయి. కాబట్టి ఊహించి వదిలేయకుండా కొలవాలి. హైదరాబాద్ ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ప్రాంగణంలోనూ, చౌటుప్పల్‌లోనూ అయస్కాంత పరిశీలనశాలలు ఉన్నాయి. వాటి రికార్డులో నిమిషానికి మార్పు ఎంతో తీసి, లైను చివరి సబ్‌స్టేషన్ న్యూట్రల్‌లో హాల్ సెన్సర్ చూపిన విలువ పక్కన పెడితే మన నేలకి తగిన నిష్పత్తి దొరుకుతుంది.

సెన్సర్ ఖర్చుకి అనుమతి వచ్చేలోపు రిలే విభాగం చేయగలిగిన పని ఉంది. 400 కేవీ, 765 కేవీ సబ్‌స్టేషన్లలోని కెపాసిటర్ బ్యాంకులు, ఎస్‌వీసీలు, ఎస్‌వీసీ పనే చేసే స్టాట్‌కామ్‌ల రక్షణ రిలేల మాన్యువల్ తీసి, ప్రతి ఫంక్షన్ కొలిచేది శిఖరమా, నిజమైన ఆర్‌ఎంఎస్సా, ఫిల్టర్ చేసిన ఫండమెంటలా అని రాసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే, బయటికొచ్చే కరెంట్ల తేడా చూసే డిఫరెన్షియల్ రిలేలో రెండో హార్మోనిక్ నిరోధం (రెస్ట్రెయింట్) ఎంత శాతానికి పెట్టారో చూడాలి. ఛార్జింగ్ సమయంలో అనవసర ట్రిప్ రాకుండా పెట్టిన ఆ ఏర్పాటు, తుఫానులో అసలు ఫాల్ట్ వచ్చినా రిలేను ఆపేయగలదు. ఆ నిరోధానికి లోబడని అన్‌రిస్ట్రెయిన్డ్ ఎలిమెంట్ ఆన్‌లో ఉందా, సెట్టింగు ఎంత అన్నదీ అప్పుడే చూసుకోవాలి. డిస్టర్బెన్స్ రికార్డర్‌కి 100 హెర్ట్జ్ మీద ట్రిగ్గర్ కలపాలి.

ఆ తర్వాత టెస్ట్ కిట్‌తో పరీక్ష. 50 హెర్ట్జ్ రేటెడ్ కరెంటుకి 100 హెర్ట్జ్ 14 శాతం, 200 హెర్ట్జ్ 12 శాతం కలిపి ఇంజెక్ట్ చేయండి. హార్మోనిక్స్ ఫేజు కోణాన్ని 30 డిగ్రీల చొప్పున మారుస్తూ పోండి, శిఖరం కోణంతో మారుతుంది కాబట్టి. ప్రతి కోణం దగ్గరా ట్రిప్ సమయం ముగిసేదాకా ఆగాలి, రిలే కదిలిందని మాత్రమే చెప్పే పికప్ దీపం చూసి వదిలేయకూడదు. ఆర్‌ఎంఎస్ 1.02 దాటకుండానే ఏ కోణంలోనైనా ఓవర్‌లోడ్ ఫంక్షన్ ట్రిప్ ఇస్తే, షిబుగమౌలో జరిగిన తరహా ట్రిప్ ఆ రిలేకీ రావచ్చు. కోణం, సమయం, సెట్టింగు రాసి తయారీదారుకి పంపి, యంత్రం అసలు తట్టుకునే హద్దు ఎంతో లిఖితపూర్వకంగా తెప్పించుకోండి.